ఒక విమానంలో పగులు బయటపడితే మిగతా విమానాల సంగతి ఎలా తేలుస్తారు?

మీ అబ్బాయి ఉద్యోగరీత్యా తరచుగా రాజమండ్రి దగ్గరి మధురపూడి విమానాశ్రయం నుంచి హైదరాబాదు వెళ్ళివస్తుంటాడని, ఎక్కడో ఒక విమానం రెక్క మొదట్లో పగులు కనబడిందని పత్రికలో చదివినప్పటి నుంచి మీకు స్థిమితం లేదని రాశారు. అదే రకం విమానాలన్నిటినీ ఇన్ని వందల ప్రయాణాల లోపల తనిఖీ చేయాలని ఆదేశించారట. పగులు ఉందని తెలిశాక కూడా మిగతావాటిని ఎందుకు ఎగరనిస్తున్నారు, ఆ ఇన్ని వందలు అన్న అంకె ఎక్కడిది, మన కోనసీమ వైపు ఉప్పుగాలికి విమానాలు త్వరగా పాడవుతాయా అన్నవి మీ మూడు ప్రశ్నలు. విమాన నిర్మాణ భాగాల తనిఖీలోను, మరమ్మతులోను ఉద్యోగ జీవితమంతా గడిపి ఇప్పుడు రామచంద్రపురం దగ్గర మా ఊళ్ళో ఉంటున్నాను కాబట్టి, నాకు బాగా తెలిసిన మేరకు వివరంగానే చెబుతాను.

విమానంలో పగులు ఉండటం, విమానం ప్రమాదంలో ఉండటం ఒకటి కాదు. అల్యూమినియం మిశ్రమలోహంతో చేసిన విమాన దేహం పైకి వెళ్ళిన ప్రతిసారీ లోపలి గాలి ఒత్తిడికి కొద్దిగా ఉబ్బుతుంది, దిగిన ప్రతిసారీ మళ్ళీ సర్దుకుంటుంది. రెక్కలు గాలిలో పైకి వంగుతాయి, నేలమీద కిందికి వాలుతాయి. ఇది వేలసార్లు జరిగేసరికి రేకులను బిగించే రివెట్ల రంధ్రాల అంచుల్లోను, మలుపుల దగ్గరా లోహం అలసి, వెంట్రుక కన్నా సన్నని పగుళ్ళు పుడతాయి. దీన్నే ఫెటీగ్ అంటాం. పాతికేళ్ళు తిరగవలసిన విమానంలో పగులు అసలు పుట్టదని ఎవరూ రాసి ఇవ్వలేరు. పుట్టిన పగులు ప్రమాదకరమైన పొడవుకు చేరేలోపల ఒకటికి రెండుసార్లు తనిఖీకి చిక్కాలి, అంతవరకు మిగిలిన లోహం బరువు మోయగలగాలి అన్న నియమం మీదనే ఇప్పటి విమానాల నిర్మాణం ఆధారపడి ఉంది. డ్యామేజ్ టాలరెన్స్ అని దానికి పేరు.

ఈ నియమం ప్రాణాలు పోయిన తరువాత వచ్చింది. 1954 జనవరిలో ఒకటి, ఏప్రిల్‌లో ఒకటి చొప్పున కామెట్ అనే బ్రిటిష్ రకానికి చెందిన రెండు ప్రయాణికుల జెట్ విమానాలు మధ్యధరా సముద్రం మీద గాలిలోనే విచ్ఛిన్నమయ్యాయి. మొదటిది 1,290 ప్రయాణాలు చేసింది, రెండోది 900. కారణం తెలుసుకోవడానికి ఇంగ్లండులోని ఫార్న్‌బరోలో మరొక కామెట్‌ను నీళ్ళ తొట్టిలో పెట్టి, ప్రయాణాలను అనుకరిస్తూ ఒత్తిడి పెంచుతూ తగ్గిస్తూ పోతే, అది అంతకు ముందు నిజంగా చేసిన ప్రయాణాలతో కలిపి 3,057 వద్ద చీలింది. ఒకే రకం, ఒకే కర్మాగారం, ఒకే లోహం. అయినా ఒకటి 900కు పోతే మరొకటి 3,057 దాకా నిలిచింది. ఒక విమానం ఎంతకాలం నిలిచిందో తెలిసినంత మాత్రాన దాని తోటివి కూడా అంతకాలం నిలుస్తాయని చెప్పలేకపోవడానికి ఈ ఎడమే కారణం, ఫ్లీట్ (ఒకే రకం విమానాల సముదాయం) అంచనాలో ఉన్న కష్టమంతా కూడా ఇందులోనే ఉంది. ఆ తరువాత ఒక భాగం తెగితే పక్క భాగం మోసేలా కట్టడం మొదలుపెట్టారు. అదీ చాలదని 1977లో జాంబియాలోని లుసాకా దగ్గర తేలింది. అక్కడ దిగబోతున్న ఒక బోయింగ్ 707 సరుకు విమానం తోక మీది అడ్డరెక్క ఊడిపోయింది. ఆ అడ్డరెక్కలో ఆదుకునే భాగం ఉంది కానీ, బరువు మోసే అసలు భాగం పగిలిన సంగతి తనిఖీలో ఎవరి కంటా పడలేదు. తనిఖీ లేకపోతే ఆదుకునే భాగం కొంతకాలం మాత్రమే ఆదుకుంటుంది. మరుసటి ఏడాది, 1978లో, అమెరికా నిబంధనల్లో డ్యామేజ్ టాలరెన్స్ తప్పనిసరి అయింది.

ఇక ఆ అంకె ఎలా వస్తుందో చూద్దాం. పగులు పెరుగుదలకు ఒక తీరు ఉంది: చిన్నగా ఉన్నప్పుడు చాలా నెమ్మదిగా పెరుగుతుంది, పొడవు పెరిగేకొద్దీ వేగమూ పెరుగుతుంది. లెక్క కోసం ఊహించిన అంకెలతో చెబుతాను. ఒక భాగంలో పగులు 60 మిల్లీమీటర్లకు చేరితే ఆ భాగం తెగిపోతుందనుకుందాం. ఎడ్డీ కరెంట్ అనే విద్యుత్ పరీక్షతో 2 మిల్లీమీటర్ల పగులును పట్టుకోగలం, అక్కడి నుంచి 60కి చేరడానికి 9,000 ప్రయాణాలు పడుతుంది. అప్పుడు ఆ 9,000ను 3తో భాగించి, ప్రతి 3,000 ప్రయాణాలకు ఒకసారి చూడమంటాం. ఒకసారి తప్పిపోయినా ఇంకొకసారి దొరికే అవకాశం అలా మిగులుతుంది. అదే భాగాన్ని టార్చిలైటుతో కంటితో మాత్రమే చూస్తే 25 మిల్లీమీటర్లు దాటితే గాని కనబడదు. అక్కడి నుంచి తెగిపోవడానికి 2,400 ప్రయాణాలే మిగిలి ఉంటాయి, అంటే ప్రతి 800కు చూడాలి. పగులు ఒకటే అయినా, చూసే సాధనాన్ని బట్టి గడువు మారుతుంది. దీనికి తోడు భాగం మీద పడే ఒత్తిడి పది శాతం పెరిగితే పగులు పెరిగే కాలం సుమారు నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా తగ్గిపోతుంది. అందుకే ఆదేశంలో ఇన్ని ప్రయాణాల లోపల అని చదివినప్పుడు అది ఎవరో ఉజ్జాయింపుగా వేసిన అంకె అనుకోవద్దు. పగులు కనబడే పొడవుకూ ప్రమాదకరమైన పొడవుకూ నడుమ ఉన్న కాలంలో ఒక భాగం అది.

అయితే ఈ లెక్కలన్నిటికీ ముందు తేలవలసిన ప్రశ్న ఒకటి ఉంది: ఈ పగులు ఏ కారణంగా పుట్టింది, ఆ కారణం ఇంకా ఏ విమానాలకు వర్తిస్తుంది? నా దృష్టిలో అంచనా అంతటిలోకీ ముఖ్యమైన మెట్టు ఇదే. ఇక్కడ తప్పటడుగు పడితే తరువాతి గణితం ఎంత చక్కగా ఉన్నా ప్రయోజనం ఉండదు. రూపకల్పనలోనే ఆ చోట ఒత్తిడి ఎక్కువ పడుతుంటే ఆ రకం విమానాలన్నీ వయసును బట్టి వరుసలో నిలబడినట్టే. తయారీలో రంధ్రం సరిగా పడకపోతే ఆ వరుస సంఖ్యల విమానాలు మాత్రమే అనుమానితాలు. ఎప్పుడో చేసిన మరమ్మతు లోపభూయిష్టమైతే ఆ ఒక్క విమానమే ప్రమాదంలో ఉంది, దాని తోటివాటిని ఎన్నిటిని పరీక్షించినా ఆ సంగతి బయటపడదు. తుప్పు కారణమైతే వయసు కన్నా అది రాత్రులు ఎక్కడ నిలిచిందన్నదే ముఖ్యం. బండి తగిలో వడగళ్ళు పడో అయిన దెబ్బకు వయసుతో సంబంధమే లేదు.

మరమ్మతు లోపం ఎంత లోతుగా దాగి ఉండగలదో రెండు దుర్ఘటనలు చెబుతాయి. 1978లో ఒసాకాలో దిగుతూ తోక నేలకు రాసుకున్న జపాన్ ఎయిర్‌లైన్స్ బోయింగ్ 747కు వెనుక వైపు లోపలి గాలి ఒత్తిడిని ఆపే గోడను బాగుచేసినప్పుడు, రెండు వరుసల రివెట్లు మోయవలసిన బరువు ఒకే వరుస మీద పడేలా అతుకు వేశారు. అది ఏడేళ్ళు నిలిచి 1985 ఆగస్టు 12న తెగింది, 520 మంది చనిపోయారు. చైనా ఎయిర్‌లైన్స్ 747 ఒకటి 1980లో అలాగే తోక రాసుకుంటే, గీతలు పడిన రేకును పూర్తిగా తొలగించకుండా పైన మరొక రేకు వేశారు. ఆ అతుకు గీతలన్నిటినీ సరిగా కప్పనూ లేదు. 22 ఏళ్ళ తరువాత, 2002 మే 25న, ఆ గీతల నుంచి పెరిగిన పగుళ్ళతో విమానం గాలిలో విడిపోయి 225 మంది మరణించారు. ఆ అతుకు అంచుల చుట్టూ గోధుమరంగు మరకలు అంతకుముందు తీసిన ఫొటోల్లో ఉన్నాయి. ఆ రోజుల్లో ప్రయాణికులు లోపల పొగ తాగేవారు. గాలి సందులోంచి బయటికి పోతూ అంటించిన పొగాకు మరకలవి. వేల విమానాల గణాంకాలు చెప్పలేని సంగతిని ఆ ఒక్క మరక చెప్పింది, చదివేవారు లేకపోయారు. శిక్షణకు వచ్చిన పిల్లలకు నేను ఈ ఉదాహరణ తప్పకుండా చెప్పేవాణ్ణి.

తయారీ లోపానికి 2011 ఏప్రిల్ 1న సౌత్‌వెస్ట్ విమానసంస్థ బోయింగ్ 737కు జరిగినది ఉదాహరణ. పదిహేనేళ్ళ వయసున్న విమానం, 39,781 ప్రయాణాలు చేసింది, పైకప్పు రేకు ఆకాశంలో చిరిగింది. ఆ అతుకుల్లో అంత త్వరగా పగుళ్ళు రావని తయారీదారు లెక్క. విచారణలో ఆ చోట రివెట్ల రంధ్రాలు తయారీ సమయంలోనే సరిగా కలవలేదని తేలింది. ఇలాంటిది బయటపడినప్పుడు వయసు ఆధారంగా వేసుకున్న అంచనాను పక్కన పెట్టి, ఆ భాగం ఎప్పుడు, ఎవరి చేతి కింద తయారైందన్న రికార్డులు తవ్వాలి.

వయసుతో పాటు పెరిగే లోపాన్ని ఎలా సంబాళిస్తారో 2019లో బయటపడిన పికిల్ ఫోర్క్ వ్యవహారంలో స్పష్టంగా చూడవచ్చు. బోయింగ్ 737 ఎన్జీ రకంలో దేహాన్ని రెక్కకు కలిపే బలమైన భాగానికి ఆ పేరు. సరుకు విమానంగా మార్చడానికి విప్పిన ఒక పాత విమానంలో అక్కడ పగుళ్ళు కనబడ్డాయి. అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ వెంటనే అన్నిటినీ ఆపలేదు, అలాగని అన్నిటికీ ఒకే గడువూ ఇవ్వలేదు. 30,000 ప్రయాణాలు దాటినవాటిని 7 రోజుల్లో చూడమంది. 22,600 నుంచి 29,999 వరకు చేసినవాటిని తరువాతి 1,000 ప్రయాణాల లోపల చూడమంది. తొలి విడతలో 810 విమానాలు చూస్తే 38 వాటిలో పగుళ్ళు దొరికాయి, అంటే దాదాపు 5 శాతం. దొరికినవాటిని ఆపి బాగుచేశారు. మీ మొదటి ప్రశ్నకు జవాబు ఇందులో చాలావరకు ఉంది: అనుమానం ఎక్కువగా ఉన్న విమానాలకు రోజుల్లో గడువు, తక్కువగా ఉన్నవాటికి నెలల్లో గడువు ఇచ్చి, చూసిన కొద్దీ వచ్చే ఫలితాలతో గడువును సవరించుకుంటూ పోవడమే పద్ధతి.

ఇక లెక్కలోకి వెళ్దాం. ఇవీ ఊహించిన అంకెలే. 100 విమానాలున్నాయి, ఒక్కొక్కటి ఇంకా 20,000 ప్రయాణాలు చేయవలసి ఉంది. మొత్తం 20 లక్షల ప్రయాణాలు. ఇప్పటివరకు దొరికిన పగుళ్ళను, దొరకని విమానాల వయసులను కలిపి వైబుల్ అనే గణాంక పద్ధతిలో లెక్కిస్తే, ఏమీ చేయకుండా వదిలేసినపుడు ఈ 20 లక్షల ప్రయాణాల్లో ఆ భాగం 2 సార్లు తెగుతుందని తేలిందనుకోండి. తెగిన పదిసార్లలో ఒకసారి విమానం కూలుతుందని, మిగిలిన తొమ్మిదిసార్లు పక్క భాగాలు ఆదుకుంటాయని పరీక్షలు చెబుతున్నాయనుకోండి. అప్పుడు ఫ్లీట్ మొత్తానికి ముప్పు 0.2 విమానం. దాన్ని ప్రయాణాలతో భాగిస్తే కోటి ప్రయాణాలకు ఒకటి. వినడానికి ఇది చాలా చిన్నదిగా ఉంటుంది.

కాని ఇది సగటు. ఆ 100లో అయిదు విమానాలు అందరికన్నా పాతవైతే, ముప్పులో ఎక్కువ భాగం వాటి మీదే ఉంటుంది. ఆ అయిదింటిలో ఒకటి ఎక్కిన ప్రయాణికుడికి సగటుతో పనిలేదు, అతని ముప్పు దానికి ఎన్నో రెట్లు ఎక్కువ కావచ్చు. అందుకని రెండు లెక్కలు విడివిడిగా వేయాలి: ఫ్లీట్ మొత్తం మీద ఎన్ని ప్రమాదాలు జరగవచ్చు, అన్నిటికన్నా ఎక్కువ ముప్పున్న విమానంలో కూర్చున్న ఒక మనిషికి ఒక గంటలో ఎంత ముప్పు. మొదటిది చిన్నదిగా ఉండి రెండోది పెద్దదిగా ఉంటే ఆ కొద్ది విమానాలను అప్పటికప్పుడు ఆపాలి. రెండోది చిన్నదై మొదటిది పెద్దదైతే ఎవరినీ ఆపనక్కరలేదు గాని, భాగాన్నే మార్చే శాశ్వత పరిష్కారం కావాలి. సగటు ఒక్కటే చూపించి భయం లేదని చెప్పే నివేదికను నేను ఎన్నడూ ఒప్పుకోలేదు.

లెక్క తేలాక ఏ అంకెకు ఏమి చేయాలన్నది అప్పుడు కూర్చుని మాట్లాడుకునేది కాదు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది అని మనకు చిన్నప్పటి నుంచి తెలుసు. గోదావరి పెరుగుతున్నప్పుడు ఎంతకు లంకల వాళ్ళను తరలించాలని ఎవరూ చర్చ పెట్టరు, మట్టం ముందే రాసి ఉంది, పనీ ముందే నిర్ణయమై ఉంది. విమానాల ముప్పుకూ నియంత్రణ సంస్థలు అలాగే మెట్లు రాసి పెట్టుకున్నాయి: ఒక మెట్టు దాటితే తనిఖీ ఆదేశం, ఇంకొకటి దాటితే అత్యవసర ఆదేశం, చివరిది దాటితే విమానాలను నేలమీద నిలిపివేయడం. విమానాలు ఆపితే సంస్థకు నష్టం, ప్రయాణికులకు ఇబ్బంది; ఆ ఒత్తిడి మధ్య మనసు మెత్తబడకుండా ఉండటానికే అంకెలను ముందుగా రాసుకోవడం.

అంకెలున్నా ఆలస్యం ప్రాణాంతకం కావచ్చునని 2018–19లో చూశాం. అది నిర్మాణ లోపం కాదు, బోయింగ్ 737 మ్యాక్స్ నియంత్రణ వ్యవస్థలోని లోపం, కాని అంచనా పద్ధతి ఇదే. 2018 అక్టోబరులో మొదటి విమానం కూలాక, ఏమీ మార్చకపోతే దాదాపు 4,800 విమానాల జీవితకాలంలో 15 దాకా ప్రమాదాలు జరగవచ్చని అదే ఏడాది డిసెంబరులో ఎఫ్‌ఏఏ విశ్లేషణలో తేలింది. శాశ్వత మార్పు సిద్ధమయ్యేలోపల పైలట్లకు ఇచ్చిన సూచనలు చాలుతాయనుకున్నారు. 2019 మార్చిలో రెండో విమానం కూలింది. పరిష్కారం చేతికి వచ్చేదాకా గడిచే నెలలకు కూడా వేరే ముప్పు లెక్క వేయాలి, ఆ నెలల్లో చేసే తాత్కాలిక ఏర్పాటు నిజంగా పనిచేస్తుందా అని కఠినంగా పరీక్షించాలి. తనిఖీయే తాత్కాలిక ఏర్పాటైనప్పుడు ఈ మాట మరీ వర్తిస్తుంది.

ఎందుకంటే తనిఖీ చేసేవాడు మనిషి. పగులున్న పది చోట్లలో తొమ్మిదింటిని పట్టుకోగల పరీక్షను రెండుసార్లు చేస్తే తప్పిపోయేవి వందకు ఒకటి అని కాగితం మీద వస్తుంది. ఆ లెక్క రెండు తనిఖీలూ ఒకదానితో ఒకటి సంబంధం లేనివైతేనే నిజం. అదే మనిషి, అదే ఇరుకు సందు, అదే పైపు అడ్డం, అదే తెల్లవారుజామున మూడు గంటల వేళ అయితే మొదటిసారి తప్పినది రెండోసారీ తప్పుతుంది. గడువు తగ్గించడం కన్నా తనిఖీ పద్ధతిని మార్చడం, అడ్డున్న పలకను విప్పి చూడమనడం ఎక్కువ మేలు చేసిన సందర్భాలు నేను చాలా చూశాను.

ఇంకొక సంగతి బయటివారికి తెలియదు. అంచనా వేసేవారికి పగులు దొరికిందన్న నివేదిక ఎంత ముఖ్యమో, చూశాం, ఏమీ లేదు అన్న నివేదిక కూడా అంతే ముఖ్యం. అది రాకపోతే భాగహారంలో కింది సంఖ్య తెలియదు. 30 విమానాలు చూసి ఒక్కదానిలోనూ దొరకలేదంటే లోపం లేదని అర్థం కాదు; 10 శాతం విమానాల్లో లోపమున్నా ఆ ఫలితం రావడానికి ఇంకా దాదాపు ఇరవైలో ఒక వంతు అవకాశం ఉంటుంది. అదే 300 చూసి దొరకకపోతే ఆ హద్దు 1 శాతానికి దిగుతుంది. అందుకని పగులు లేదని రాసే కాగితాన్ని వృథా పనిగా చూడకూడదు. దొరికినప్పుడు పొడవు ఎంత, ఏ దిశ, ఎన్ని ప్రయాణాల వద్ద అన్నది ఖచ్చితంగా రాయాలి. పగులు ఉంది, భాగం మార్చాం అని ఒక్క ముక్క రాసి, పాత భాగాన్ని పాత ఇనుము కింద పారేస్తే, ఆ పగులు ఎంత వేగంగా పెరిగిందో చెప్పగల ఒకే ఒక్క సాక్ష్యం పోయినట్టు.

ఒంటి పగుళ్ళ లెక్కకు లొంగని పరిస్థితి ఒకటి ఉంది. 1988 ఏప్రిల్ 28న హవాయి దీవుల్లో అలోహా సంస్థ బోయింగ్ 737 పైకప్పు 24,000 అడుగుల ఎత్తున ఊడిపోయింది. విమానం దిగగలిగింది, ఒక విమాన సహాయకురాలు మాత్రం ప్రాణాలు కోల్పోయారు. ఆ విమానం 35,496 గంటల్లో 89,680 ప్రయాణాలు చేసింది. సగటున ఒక్కో ప్రయాణం 24 నిమిషాల లోపే. రేకుల మధ్య జిగురు విడిపోయి, సముద్రపు గాలికి తుప్పు పట్టి, వరుసగా ఎన్నో రివెట్ల దగ్గర ఒకేసారి చిన్న చిన్న పగుళ్ళు పుట్టాయి. విడిగా చూస్తే ఏ ఒక్కటీ ప్రమాదకరం కాదు. అన్నీ కలిసిన క్షణంలో ఆదుకోవలసిన పక్క లోహం కూడా అప్పటికే పగిలి ఉంది. దీని తరువాతే తుప్పు నివారణ కార్యక్రమాలు తప్పనిసరి అయ్యాయి. 2010లో అమెరికా నిబంధనల్లో ఒక్కో రకం పెద్ద విమానానికి ఇన్ని ప్రయాణాలు లేదా ఇన్ని గంటలు అని హద్దు గీయాలన్న నియమం వచ్చింది. ఆ హద్దు దాటితే తనిఖీలు ఎన్ని చేసినా ఎగరడానికి వీల్లేదు. మన వైపు సర్వీసుల లాంటి గంట, గంటన్నర ప్రయాణాల విమానాలకు ఈ అంశం ముఖ్యం: వాటి వయసును గంటల్లో కాదు, ఎక్కి దిగిన లెక్కలో చూడాలి. రోజుకు ఆరేడుసార్లు ఎగిరి దిగే ఏటీఆర్ అనే చిన్న ప్రొపెల్లర్ విమానం, రోజుకు రెండుసార్లు ఖండాంతరం వెళ్ళే పెద్ద విమానం కన్నా ఎక్కువసార్లు ఉబ్బి తగ్గుతుంది.

ఉప్పుగాలి గురించి మీ అనుమానంలో నిజం ఉంది, కాని అది మీరనుకున్న చోట లేదు. మధురపూడిలో విమానం ప్రయాణికులను దించి ఎక్కించుకుని అరగంటలో వెళ్ళిపోతుంది. ఆ అరగంటకు తుప్పు రాదు. రాత్రంతా తీరప్రాంతపు విమానాశ్రయంలో తేమలో నిలిచే విమానానికి వస్తుంది. అంతకన్నా ఎక్కువగా లోపలి నుంచి వస్తుంది: మరుగుదొడ్ల కింద, వంట అర కింద, దేహం అడుగున నీరు చేరే గుంటల్లో. సామాను అరలో ఉప్పునీరు కారే చేపలు, రొయ్యల పార్శిళ్ళు కూడా తక్కువేమీ కాదు. పులస సీజనులో మంచు కట్టిన పెట్టెలు పంపేవారు నీరు కారకుండా గట్టిగా కట్టాలని సంస్థలు పట్టుబట్టేది అందుకే. ఇక సముద్రంలో చమురు రిగ్గుల మీదికి వెళ్ళే హెలికాప్టర్ల పరిస్థితి వేరు. అవి నిత్యం ఉప్పు తుంపరలోనే తిరుగుతాయి కాబట్టి మంచినీటితో తరచుగా కడగడం, తనిఖీ గడువులు తగ్గించడం వాటికి తప్పదు.

తుప్పు, పగులు కలిస్తే లెక్క మారుతుంది, ఎందుకంటే తుప్పు గుంట పడిన చోట పగులు పుట్టడానికి పట్టవలసిన వేల ప్రయాణాల కాలం అసలు లేకుండా పోతుంది. 2005 డిసెంబరు 19న మయామీ తీరంలో చాక్స్ సంస్థకు చెందిన, 1947లో తయారైన నీటివిమానం కుడి రెక్క విడిపోయి 20 మంది చనిపోయారు. ఆ రెక్కలో ఇంధనం కారుతోందని అంతకుముందే పదేపదే రాసి ఉంది. కారిన చోట మూసుకుంటూ పోయారు, లోపల పగిలిన భాగం అలాగే ఉండిపోయింది. ఒకే విమానంలో ఒకే చోట లీకు మూడోసారి రాస్తే దాన్ని లీకుగా కాక నిర్మాణ లోపంగా చూడాలని నేను గట్టిగా నమ్ముతాను.

మన దేశంలో పరిస్థితి కూడా చెప్పాలి. విమానం రూపకల్పన జరిగిన దేశపు సంస్థ ఇచ్చిన ఎయిర్‌వర్దీనెస్ డైరెక్టివ్ (తప్పక పాటించవలసిన భద్రతా ఆదేశం) ఇక్కడ రిజిస్టరైన విమానాలకూ వర్తించేలా మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నియమం ఉంది. ఏటీఆర్, ఎయిర్‌బస్ విమానాలకు యూరప్ సంస్థ ఈఏఎస్ఏ ఆదేశాలు, బోయింగ్‌కు ఎఫ్‌ఏఏ ఆదేశాలు. గడువు దాటితే ఆ విమానం ఎగరడానికి అర్హత కోల్పోతుంది. మీ అబ్బాయి ఎక్కే విమానం ఆ గడువు లోపల ఉన్నంతవరకు ఎక్కమనే నేను చెబుతాను, నా పిల్లలకూ అదే చెబుతాను.

అయినా ఇటువంటి వార్త మళ్ళీ చదివితే కొన్ని విషయాలు గమనించండి. గడువు వయసును బట్టి అంచెలుగా ఉందా, లేక అన్నిటికీ ఒకటేనా? అంచెలుగా ఉంటే సాధారణంగా కారణం తెలిసిందని అర్థం. అన్నిటికీ చాలా తక్కువ గడువు ఒకటే ఉంటే కారణం ఇంకా తేలి ఉండకపోవచ్చు. తనిఖీ ఒకసారేనా, మళ్ళీ మళ్ళీనా? ఫలితాలను, ఏమీ దొరకకపోయినా సరే, తెలియజేయాలని ఆదేశంలో ఉందా? భాగాన్ని మార్చే శాశ్వత పరిష్కారం గురించి రాశారా? ఏళ్ళ తరబడి కంటిచూపు తనిఖీ మీదనే నడుస్తూ, శాశ్వత మార్పు ఊసే లేని ఆదేశమైతే నాకూ అసంతృప్తే. ఈ ఆదేశాల పూర్తి పాఠం ఎఫ్‌ఏఏ, ఈఏఎస్ఏ వెబ్‌సైట్లలో ఎవరైనా చదవవచ్చు. మీరు చదివిన వార్తలో విమానం రకం, పగులు కనబడిన భాగం పేరు ఉంటే రాయండి. ఆ ఆదేశంలోని గడువులు ఒక్కొక్కటి ఎందుకు అలా పెట్టారో విడమరిచి చెబుతాను.